చవక లాజిక్ అనలైజర్: చెరువు గట్టు మీద పనికొస్తుంది, నేరుగా తగిలించకపోతే

వెయ్యి రూపాయల లోపు దొరికే 24 మెగాహెర్ట్జ్, 8 ఛానళ్ల యూఎస్‌బీ లాజిక్ అనలైజర్ గురించి ఇది. సిగ్నల్ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడిందో ల్యాప్‌టాప్ మీద గీతలుగా చూపే పెట్టె అది. విడవలూరు, ఇందుకూరుపేట, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ ఆర్‌పీఎం సెన్సర్లు, ఫ్లో మీటర్లు చూసేవాళ్లు కొనొచ్చు. పల్స్ పోతోందా, రెండుసార్లు పడుతోందా అన్నది మల్టీమీటర్ చెప్పలేదు, ఇది చెబుతుంది.

చాలావాటిలో ఉండేది సైప్రెస్ ఎఫ్‌ఎక్స్2 చిప్పు. పిన్ను మీద 5.25 వోల్టులు దాటకూడదు, సున్నా కిందికి అర వోల్టుకు మించి దిగకూడదు. 0.8 వోల్టుల లోపైతే ‘లో’ (0), 2.0 పైనైతే ‘హై’ (1) అని చదువుతుంది. ఈ థ్రెషోల్డ్ (లో, హై తేల్చే హద్దు) మార్చే వీలు లేదు, సిగ్నల్ చూపించే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌లో వెతికినా దొరకదు. అందుకే 1.8 వోల్టుల సిగ్నల్‌ను నమ్మకంగా చదవదు. ఆ పని ఉంటే ఆ హద్దు మార్చుకోగల డీఎస్‌లాజిక్ ప్లస్ లాంటి అనలైజర్ తీసుకుని, థ్రెషోల్డ్‌ను సిగ్నల్ ఎత్తులో సగానికి పెట్టుకోవాలి: 1.8కి 0.9, 3.3కి 1.65.

చెరువు దగ్గరి ప్రాక్సిమిటీ సెన్సర్లు (ఇనుము దగ్గరికొస్తే పసిగట్టేవి) 12 లేదా 24 వోల్టులవి. అవుట్‌పుట్‌ను సప్లై వోల్టేజీకి ఎత్తే పీఎన్‌పీ రకానికి డివైడర్ (రెండు రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించడం) తేలిక. 12 వోల్టులకు పైన 10 కే (కిలో ఓమ్), కింద 4.7 కే పెడితే 3.84 వస్తుంది, బ్యాటరీ 14.4కి లేచినా 4.6 దగ్గరే ఉంటుంది. 24కి పైన అదే 10 కే ఉంచి కింద 2.2 కే పెడితే ఛార్జింగులో 28.8 దగ్గర 5.19 అవుతుంది, అంత అంచుకు పోవడం దేనికి? 1.8 కే పెడితే 4.4 దాటదు.

తంటా అవుట్‌పుట్‌ను గ్రౌండ్‌కు లాగే ఎన్‌పీఎన్ రకంతోనే. ఓపెన్ కలెక్టర్ (కిందికి లాగడమే తప్ప పైకి ఎత్తనిది) అని చెప్పి అమ్మినా కొన్నిట్లో సప్లైకి పుల్-అప్ (పైకి లాగే రెసిస్టర్) లోపలే ఉంటుంది. నార్మల్లీ ఓపెన్ రకమైతే ఎదుట ఇనుము లేనప్పుడు అవుట్‌పుట్ మీద మల్టీమీటర్ పెట్టండి, 12 కనబడితే ఉన్నట్టే. ఆ పుల్-అప్ 10 కే అనుకుంటే, డివైడర్ పై రెసిస్టర్‌కు అదీ కలిసి 3.84 కాస్తా 2.28కి పడిపోతుంది. థ్రెషోల్డ్‌కు అంత దగ్గరగా ఉంటే మోటారు నాయిస్‌కే ఒక పల్స్ రెండుగా లెక్కపడుతుంది. 47 కే, 22 కే పెడితే 3.3 వస్తుంది. లోపల పుల్-అప్ లేకపోతే డివైడర్ అక్కర్లేదు, 3.3 వోల్టులకు 4.7 కే పుల్-అప్ చాలు. ఎన్‌పీఎన్‌లో పడే అంచే చురుకు, లేచే అంచు కేబుల్ పొడవును బట్టి సాగుతుంది. పడే అంచు నుంచి పడే అంచుకే కొలవండి.

జనరేటర్ మాగ్నెటిక్ పికప్‌ను (స్పీడు పసిగట్టే కాయిల్ సెన్సర్) దీనికి తగిలించొద్దు, అది నెగటివ్‌కూ ఊగుతుంది, స్పీడుతో వోల్టేజీ పెరుగుతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) ప్యానెల్‌లోని 24 వోల్టుల పల్స్‌కైతే మధ్యలో పీసీ817 ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్పు), దాని ఎల్‌ఈడీకి 2.2 కే పెట్టండి, ల్యాప్‌టాప్ గ్రౌండ్ ప్యానెల్‌తో కలవదు.

24 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో శాంపిల్ 41.7 నానోసెకన్లు. అంతమాత్రాన టైమ్ అంత కచ్చితమని కాదు. జీపీఎస్ మాడ్యూల్ సెకను పల్స్‌ను 1.00003 అని చూపిస్తే, ఆ 30 పీపీఎం (పది లక్షలకు 30) తేడా ఈ పెట్టెలోని క్రిస్టల్‌దే. ఆర్‌పీఎంకు అది లెక్కలోకి రాదు.