68 వేలన్నారు, 2,050తో పోయింది: విశాఖలో మా బండి రిపేరు

"ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది సార్, మార్చాల్సిందే. 68 వేలవుతుంది, బండి నాలుగు రోజులు ఉంచాలి." శుక్రవారం సాయంత్రం విశాఖలో ఓ పెద్ద వర్క్‌షాప్ కౌంటర్లో చెప్పిన మాట ఇది. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే ఇంజన్ పవర్‌ని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె. ఒక్కరు కూడా బండి కిందికి దూరి చూడలేదు. స్కానర్ తగిలించి, పది నిమిషాల్లో తేల్చేసి, చూసినందుకు 1,500 బిల్లు వేశారు. ఆ కోపంతోనే ఇదంతా రాస్తున్నాను.

మాది 2010 మోడల్ డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్. డ్యాష్‌బోర్డు మీద నాబ్ తిప్పితే టూ హై (వెనక చక్రాలకే పవర్), ఫోర్ హై (నాలుగు చక్రాలకీ పవర్), ఫోర్ లో (నాలుగింటికీ, నిదానంగా, ఎక్కువ బలంతో) మారతాయి. రాజమండ్రి నుంచి పాడేరు దాకా హాయిగా వచ్చాం. వంజంగి మబ్బులు చూద్దామని తెల్లవారుజామున కొండెక్కుతుంటే, రాత్రి కురిసిన వానకి బురదైన చోట వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. నాబ్ ఫోర్ హైకి తిప్పాను. మీటర్లో లైటు కొట్టుకుంటోంది తప్ప ముందు చక్రాలకి పవర్ రాలేదు. ఊరి కుర్రాళ్లు నలుగురు తోసి గట్టెక్కించారు, డబ్బులిస్తే వద్దన్నారు. మబ్బులు చూడకుండానే దిగిపోయాం. మా ఆవిడ విశాఖ వచ్చేదాకా మాట్లాడలేదు. మా బావ మాత్రం చోడవరం దాకా "ఈ పాత బండి అమ్మేయ్" అంటూనే ఉన్నాడు.

ఆ రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో 1,800, 24 గంటల చెకౌట్ అని ఉంది. తీరా వెళ్లాక పార్కింగ్‌కి 300 అదనం అన్నారు, పొద్దున ఎనిమిదింటికే తలుపు కొట్టి గది ఖాళీ చేయమన్నారు. ఫోన్‌లో బుకింగ్ తీసి చూపిస్తే, "అది వాళ్లు పెట్టుకున్నది సార్, మా రూలు వేరే" అని సమాధానం. పిల్లలు ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఇలాంటి చోట లోపలికి అడుగు పెట్టకముందే చెకౌట్ టైం రసీదు మీద రాయించుకోండి.

శనివారం ఇంట్లో వాళ్లని బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరీన్ దగ్గర దింపి, నేను బావతో గాజువాక ఆటోనగర్ వెళ్లాను. రేకుల షెడ్డులో ఓ పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్. స్కానర్ లేదు, ముందు ప్రశ్నలే అడిగాడు. "నాబ్ తిప్పితే కింద టక్‌మని సౌండ్ వస్తోందా?" రావట్లేదన్నాను. "అయితే గేర్లని ఎందుకనడం సార్, ముందు వాటిని మార్చే మోటార్‌కి కరెంటు అందుతోందో లేదో చూద్దాం" అని ఫ్యూజు, బ్యాటరీ వోల్టేజ్ చూసి బండి కిందికి దూరాడు. ట్రాన్స్‌ఫర్ కేస్ పక్కనున్న షిఫ్ట్ మోటార్ కనెక్టర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, ఒకటి వేలితో తాకగానే విరిగిపోయింది.

"ఏటి సార్, సముద్రపు గాలి ఊరుకుంటాదా?" అన్నాడు. ఈ బండి నేను కొనకముందు ఆరేళ్లు భీమిలిలో తిరిగింది. అది చెప్పాక ఆయన తల ఊపాడు.

మోటార్‌కి నేరుగా 12 వోల్టులు ఇస్తే టక్‌మని తిరిగింది. మోటార్ బాగానే ఉంది. పాత టూత్‌బ్రష్‌తో, స్ప్రేతో కనెక్టర్ కడిగి, విరిగిన పిన్ను మార్చి, నీళ్లు దూరకుండా గ్రీజు పెట్టాడు. తర్వాత చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు రెండు చక్రాలూ జాకీ స్టాండ్ల మీదికి లేపాడు. టూ హైలో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు చక్రాలకి పవర్ తీసుకెళ్లే కడ్డీ) చేత్తో తిప్పితే తిరిగింది. ఫోర్ హైలో పెట్టాక ఎంత బలంగా తిప్పినా కదల్లేదు. అంటే ముందూ వెనకా కలిశాయన్నమాట. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ తీసి వేళ్ల మధ్య రుద్ది చూపించాడు, ఇనుప రజను లేదు. గేర్లు అరిగితే అది కనబడుతుందట.

పిన్నుకి 120, స్ప్రేకి 350, ఆయిల్‌కి 680, కూలి 900. మొత్తం 2,050. పొద్దుట్నుంచీ ముఖం ముడుచుకున్న బావే ముందు జేబులోంచి డబ్బు తీశాడు.

పాత ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లు నెలకోసారి మట్టి నేల మీద ఫోర్ హై వేసి కాసేపు నడపండి. వాడకపోతే మోటార్ బిగుసుకుపోతుంది. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం వేయొద్దు, మలుపుల్లో గేర్లు బిగుసుకుపోతాయి. ఫోర్ లోకి మార్చాలంటే బండి ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కండి. నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉండాలి. ఎవరైనా పెద్ద రిపేరు చెబితే, కనెక్టర్ విప్పి చూపించమని అడగండి.

శనివారం రాత్రి గాజువాకలోనే 1,200కి గది దొరికింది. శుభ్రంగా ఉంది, బండికి గేటు లోపలే చోటిచ్చారు. బీచ్‌లో కొన్న మూరీ మిక్చర్ పొట్లాలు పిల్లలు గదికి తెచ్చారు, మా ఆవిడ అప్పుడు నవ్వింది. ఆదివారం ఆటోనగర్‌లో చాలా షెడ్లు తెరవరు. శనివారం వెళ్లేవాళ్లు పదింటికల్లా చేరుకోండి.