ముహర్రఖ్ ముత్యాల షావుకార్లు, మనామా హోటల్ వాడి తువ్వాలు లెక్క

ముందే చెప్పేస్తున్నా, బహ్రెయిన్ వెళ్తే మనామాలో కింద మ్యూజిక్ బార్ ఉన్న త్రీ స్టార్ హోటల్లో మాత్రం దిగకండి. ఫోటోల్లో ఈతకొలను కనిపిస్తుంది కానీ బార్ కనిపించదు. మా బావమరిది అక్కడే ఓ కాంట్రాక్టు కంపెనీలో పనిచేస్తాడు, వాడిది నలుగురు సర్దుకునే కంపెనీ రూము, అందుకని అత్తగారు, మామగారు, మా ఆవిడ, నేను హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. గదికి రోజుకి 19 దీనార్లు (మాకు దీనారు దాదాపు 225 రూపాయలు పడింది). తీరా కౌంటర్ దగ్గరికి వెళ్లాక గదికి రోజుకి ఇంకో 3 దీనార్లు ప్రభుత్వ రుసుమన్నాడు. సరే, ప్రభుత్వానిది ఎవరైనా కట్టాల్సిందే, కానీ బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. పైగా గదికి 20 దీనార్ల డిపాజిట్టు, అదీ క్యాషే కావాలట. రాత్రి పదింటికి మొదలైన డ్రమ్ములు రెండు దాటినా ఆగలేదు. గది మార్చమంటే పై అంతస్తు ఇచ్చాడు, అక్కడ డ్రమ్ములకి తోడు ఏసీ కంప్రెసర్ మోత. మా అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని విష్ణు సహస్రనామం అందుకున్నారు, మా ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి ఈ హోటల్ చెప్పింది నువ్వే కదరా అని చెడామడా తిట్టింది.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టులో 5 దీనార్లు కోశాడు. తువ్వాలు మీద పసుపు మరకట! అది బాత్రూం కొక్కేనికున్న తుప్పు, కొక్కెం కూడా చూపించాం. మామగారికి తణుకులో నలభై ఏళ్ల కిరాణా హోల్‌సేల్ వ్యాపారం, ఆయన గొంతు పెంచలేదు, "ఆ ఐదు దీనార్లకి రసీదు రాసివ్వమను అల్లుడూ" అన్నారు. వాడు రాయనన్నాడు. ఈయన సోఫాలో కూర్చుండిపోయారు. అరగంటకి 3 వెనక్కొచ్చాయి, 2 పోయాయి. రసీదు మాత్రం రాలేదు.

ఆ మిగతా కోపమంతా ముహర్రఖ్‌లో దిగిపోయింది. విమానాశ్రయం ఉన్న దీవే అది, మనామా నుంచి బస్సుకి మనిషికి 300 ఫిల్స్ (దీనారుకి వెయ్యి ఫిల్స్), ట్యాక్సీ అనవసరం. అక్కడి పాత ఊళ్లో ముత్యాల షావుకార్ల ఇళ్లు, మసీదు, గిడ్డంగులు, సముద్రపు ఒడ్డున బూ మాహిర్ కోట, వాటన్నిటినీ కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల దారి ఉంది. 2012లో యునెస్కో గుర్తించింది, సముద్రంలోని ముత్యపు చిప్పల తావులు మూడింటితో కలిపి. సందు మలుపుల్లో ముత్యంలా గుండ్రటి దీపాల స్తంభాలుంటాయి, వాటిని పట్టుకుని నడిస్తే దారి తప్పరు.

ముత్యాల షావుకార్లు సియాదీ వాళ్ల ఇంటి ముందు మామగారు నిలబడిపోయారు. సముద్రపు పగడపు రాయి, సున్నంలాంటి జిప్సం, పైన దూలాలు, గోడల మీద చెక్కిన లతలు, రంగు అద్దాల గుండా నేల మీద పడే ఎరుపు, ఆకుపచ్చ వెలుగు. వ్యాపారం మాట్లాడే మజ్లిస్ ఒక వైపు, ఆడవాళ్లు తిరిగే లోపలి వాకిలి ఇంకో వైపు, బయటి మనిషికి లోపలిది కనబడకుండా గుమ్మం మలుపు తిప్పి కట్టారు. మా అత్తగారికి ఇది భలే నచ్చింది, "మన కొట్టు కూడా ఇలా కట్టించుంటే నేను ఇన్నేళ్లు గుమ్మం చాటున నక్కి తిరిగేదాన్ని కాదు" అన్నారు, మామగారు విననట్టు ఊరుకున్నారు. షావుకార్లు బొంబాయి వెళ్తే నెలల తరబడి రారు, అన్నాళ్లూ ఇల్లు నడిపింది ఈ లోపలి వాకిలే కదా.

బొంబాయి ఎందుకంటే ఈ ముత్యాలకి పెద్ద బజారు అదే. మన చార్మినార్ దగ్గర పాతవాళ్లు బస్రా ముత్యాలంటారే, అవి ఈ గల్ఫు సముద్రపువే. అక్కడ మన రూపాయే చలామణీ అయింది, 1959లో గల్ఫుకి వేరే రూపాయి అచ్చేశారు, బహ్రెయిన్‌కి సొంత దీనారు వచ్చింది 1965లోనే. పారిస్ నగల వ్యాపారి జాక్ కార్తియే కూడా 1912లో ముత్యాల కోసం ఇక్కడి షావుకార్ల దగ్గరికి వచ్చాడు.

అక్కడ పెట్టిన ముత్యాల ప్రదర్శనలో నాకు కళ్లు తిప్పుకోనివ్వనిది జల్లెడల దొంతర. ఒకదాంట్లో ఒకటి ఇమిడే చిన్న చిన్న లోహపు గిన్నెలు, అడుగున చిల్లులు, కిందికి వెళ్లే కొద్దీ చిల్లు సన్నబడుతుంది. పై గిన్నెలో ఆగింది తల, మధ్యలోది పొట్ట, అడుగుకి జారింది తోక, అవే రకాల పేర్లు. తర్వాత ఎర్ర గుడ్డ మీద పోసి రంగు చూస్తారు. ముత్యం బరువు రెట్టింపైతే ధర రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మామగారు జేబులోంచి పెన్ను తీసి బస్సు టికెట్టు వెనక లెక్క వేసుకున్నారు.

కానీ అసలు పద్దు ఈ గోడల మీద రాసి లేదు. ఎండాకాలం నాలుగు నెలలు పడవల మీద, ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి, నడుముకి తాడు, ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు. వాళ్లకి జీతం లేదు, వాటా. సీజన్‌కి ముందు పడవ నడిపే సరంగు అడ్వాన్సు ఇస్తాడు, సరంగుకి షావుకారు ఇస్తాడు. వడ్డీ మతానికి కూడదు కాబట్టి బియ్యం, గుడ్డల ధర మీద వేసేవారు. చేప తక్కువ పడ్డట్టు ముత్యాలు తక్కువ పడిన ఏడు అప్పు మిగిలిపోతుంది, మనిషి పోతే కొడుకు మునగాలి. 1920లలో బ్రిటిష్ వాళ్ల ఒత్తిడితో ఒక్కొక్కరికీ విడి ఖాతా పుస్తకం పెట్టాలని నియమం వస్తే గొడవలయ్యాయి, సంస్కరణ వల్ల ముందస్తు సొమ్ము తగ్గిపోతుందని మునిగేవాళ్లే కొందరు ఎదురు తిరిగారు. మామగారు ఇది విని చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఖాతా చూపించని అప్పు మా ఊళ్లోనూ ఉండేది" అని మాత్రం అన్నారు.

జపాన్ పెంపకం ముత్యాలు, 1929 మాంద్యం కలిసి ఈ వ్యాపారాన్ని పడేశాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది, పడవల వాళ్లు చమురు బావుల దగ్గరికి పోయారు. సముద్రాన్ని పూడ్చి 1905లో కట్టిన ముత్యాల షావుకారు బిన్ మతర్ ఇంటి దగ్గర ఇప్పుడు నిలబడితే నీళ్లు కనపడవు, చుట్టూ ఇళ్లే. కొన్ని పాత ఇళ్లలో అద్దెకున్నది మన దేశపు కూలీలు, ఓ కోల్డ్ స్టోర్ (అక్కడ చిన్న కిరాణా కొట్టుని అలా అంటారు) ముందు కరీంనగర్ యాసలో ఫోన్ మాట్లాడుతున్న కుర్రాడు మాకు బస్టాపు చూపించాడు.

తిండి సంగతి. పొద్దున్నే ఓ చిన్న హోటల్లో బలాలీత్ తెప్పించాం, తియ్యటి సేమ్యా మీద ఆమ్లెట్టు పెట్టిస్తారు. మామగారు శాకాహారి, ఆమ్లెట్టు వద్దంటే ఏ విసుగూ లేకుండా విడి ప్లేటులో తెచ్చిచ్చాడు, కుంకుమపువ్వు, ఏలకుల వాసన గుప్పుమంది. దానికి వేడి రొట్టె, ఉడికించిన శనగలు, చాయ్ కలిపి నలుగురికీ 4 దీనార్ల 200 ఫిల్స్. ఆ ఊరి హల్వా అరకిలో 2 దీనార్లకి కొన్నాం.

ముత్యాలు కొనాలంటే బహ్రెయిన్‌లో పెంపకం ముత్యాలు అమ్మడం చట్టరీత్యా నిషేధం, సహజమైనవే దొరుకుతాయి, ధర కూడా అలాగే ఉంటుంది. కొట్టు పెద్దాయన హిందీలో మాట్లాడుతూ ఆవగింజ కన్నా కాస్త పెద్దది ఒకటి ఎర్ర గుడ్డ మీద పెట్టి 40 దీనార్లన్నాడు. మా అత్తగారు అక్కడే లెక్కేసి లేచేశారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, మధ్యాహ్నం కొన్ని ఇళ్లు మూసేస్తారు కాబట్టి వేళలు ముందే కనుక్కోండి, గది ముహర్రఖ్‌లోనే వెతుక్కోండి, డిపాజిట్టు కట్టాల్సి వస్తే మాత్రం తువ్వాళ్లకి, కొక్కేలకి ముందే ఫోటో తీసి కౌంటర్ వాడి వాట్సాప్‌కి పంపేయండి.