పాత త్రాష్, డెత్ మెటల్ ఎల్‌పీలు కొనేవాళ్ళకి హెచ్చరిక: ‘రా సౌండ్’ అని చెప్పి నకిలీలు అంటగడుతున్నారు

ఇన్‌స్టాగ్రామ్‌లో పాత మెటల్ (బరువైన గిటార్లతో, హోరుగా సాగే రాక్ సంగీతం) రికార్డులు అమ్మే ఒకతని దగ్గర నేను కొన్న ఎల్‌పీ, అంటే గ్రామఫోన్ ప్లేటు, నకిలీదని తేలింది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా పేరుతో పనిలేదు. ఈ రకం అమ్మకం ఎవరు చేసినా ఇదే వరసలో ఉంటుంది. డబ్బు పంపేముందు ఒకసారి చదవండి.

కొన్నది బ్రెజిల్ బ్యాండ్ సెపుల్టురా ఆల్బమ్ ‘మార్బిడ్ విజన్స్’. బ్రెజిల్‌లోని బెలో హొరిజొంటెలో కోగుమెలో రికార్డ్స్ 1986లో వేసిన మొదటి ప్రెస్సింగ్ (మొదటి విడత ప్లేటు) అని పోస్టులో రాశాడు. ధర 14,000 రూపాయలు. సరుకు హైదరాబాద్‌లోనే ఉంది, కస్టమ్స్ గొడవ లేదు అన్నాడు. పార్సిల్ మూడో రోజుకే వచ్చింది, ప్యాకింగ్ కూడా బ్రహ్మాండంగా చేశాడు. దాన్ని మాత్రం ఒప్పుకోవాలి.

సూది దించితే గోనెసంచి కప్పి వాయించినట్టుంది. సింబల్స్ లేవు, గిటార్లు అన్నీ కలిసి ఒకటే హోరు. మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇది: “బ్రో, అండర్‌గ్రౌండ్ మెటల్ అంటే రా సౌండే కదా. క్లీన్‌గా కావాలంటే వేరే బ్యాండ్లు వినండి.”

నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఈ సంగీతం మీద మనకున్న ఇష్టాన్నే మన నోరు మూయించడానికి వాడుకుంటున్నాడు. రా, అంటే మెరుగులు దిద్దని మొరటు మోత, అన్నాక ఇంకేం అడుగుతాం?

నిజమే, ‘మార్బిడ్ విజన్స్’ మొరటు రికార్డు. ఆ ఏడాదికి బ్యాండ్‌లో పాడి, గిటార్ వాయించిన మాక్స్ కవలేరాకి 17 ఏళ్ళు, డ్రమ్స్ వాయించిన తమ్ముడు ఇగోర్‌కి 16. గిటార్లు సరిగ్గా శ్రుతి చేసుకోలేదని తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు. బ్రెజిల్‌లో సైనిక పాలన పోయిన మరుసటి ఏడాది, చేతికందిన సామానుతో కుర్రాళ్ళు చేసిన గోల అది. డ్రమ్స్ ముందుకు ఉరుకుతాయి, గిటార్ వెనకబడుతుంది, ఎక్కడో మళ్ళీ కలుస్తాయి. ఈసారి కలవరేమో అనిపించే ఆ క్షణం కోసమే నేను ఈ రికార్డులు వింటాను. క్లిక్ ట్రాక్ (చెవిలో టక్ టక్ మని తాళం చెప్పే శబ్దం) మీద వాయించి, ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో సర్ది, అన్నింటికీ ముందే రికార్డు చేసిన ఒకే దెబ్బ శబ్దం అతికిస్తే ఆ భయం పోతుంది. 2023లో కవలేరా అన్నదమ్ములు ఇదే ఆల్బమ్‌ని మళ్ళీ రికార్డు చేశారు. బరువుగా ఉంది, శ్రుతీ కుదిరింది. నా ఓటు మాత్రం పాతదానికే.

కానీ ఆ మొరటుతనం వాయింపులోదీ, స్టూడియోలోదీ. సింబల్ మోగి సన్నగిల్లడం, గది ప్రతిధ్వని, టేపు సొద అన్నీ అందులో వినిపిస్తాయి. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో స్వీడన్ బ్యాండ్ ఎంటూంబ్డ్ రికార్డు చేసిన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990) వినండి. బాస్ కంపెనీ హెచ్‌ఎమ్-2 పెడల్‌ని (గిటార్ మోతని గరుకు చేసే పరికరం) బిగ్గరగా తిప్పి తెచ్చిన ఆ రంపపు మోతలో కూడా ఏ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరస) ఎక్కడ మారిందో చెవికి తెలుస్తుంది. జర్మన్ బ్యాండ్ క్రియేటర్ ‘ప్లెజర్ టు కిల్’ (1986) కూడా అంతే. ఆ వేగంలోనూ డ్రమ్ముకీ గిటారుకీ మధ్య ఖాళీ ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ప్లేటులో ఆ ఖాళీయే లేదు.

ఇక ఆధారాల సంగతి. అసలు 1986 ఎల్‌పీలో టైటిల్ పాటకి ముందు కార్ల్ ఓర్ఫ్ ‘కార్మినా బురానా’లోని ‘ఓ ఫోర్టునా’ ముక్క వస్తుంది. కవరు మీద దాని ప్రస్తావనే ఉండదు. తర్వాతి రీఇష్యూల్లో (మళ్ళీ వేసిన కాపీల్లో) దాన్ని తీసేశారు. నాకొచ్చిన దాంట్లో సూది దించగానే నేరుగా టైటిల్ పాటే. అంటే 1986 నాటి ప్లేటు అని చెప్పినదాంట్లో ఉన్నది తర్వాతి కాపీ ఆడియో. అక్కడికే కథ తేలిపోయింది. అయినా పట్టుదల కొద్దీ రికార్డుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ) తీశాను. 16 కిలోహెర్ట్జ్ దగ్గర సంగీతం ఒక్కసారిగా ఆగిపోయింది. ఆపైన సూది గీరుడు తప్ప ఏమీ లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 ఫైళ్ళలో మామూలుగా కనిపించే కోత అది. ఎవడో ఇంటర్నెట్‌లో దించుకున్న ఫైల్‌ని ప్లేటు మీద కొట్టించి మనకి అమ్ముతున్నాడన్నమాట.

కవరు కూడా పట్టిస్తుంది. వెనక అట్ట మీది చిన్న అక్షరాలని ఫోన్ మాక్రోలో ఫోటో తీస్తే అంచులు చుక్కలు చుక్కలుగా కనిపించాయి. స్కాన్ చేసి మళ్ళీ అచ్చేస్తే అలా వస్తుంది. చివరి పాటకీ లేబుల్‌కీ మధ్య నున్నటి పట్టీలో గీసి ఉండే నంబరు రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఉన్నదాంతో కలవలేదు.

ఇవన్నీ పంపితే “సీల్ తీశాక రిటర్న్ లేదు” అన్నాడు. సీల్ తీయకుండా లోపలేముందో చూడటం ఎలా? అసలు 1986 నాటి రికార్డుకి తళతళలాడే కొత్త ప్లాస్టిక్ సీల్ ఎందుకుందో అతనే చెప్పాలి. ఆ సీల్ రికార్డుని కాపాడటానికి కాదు, అతన్ని కాపాడటానికి.

కొనేముందు రెండు వైపులా ఆ నున్నటి పట్టీ ఫోటోలు అడగండి, మొదటి పాట మొదలయ్యే చోట వీడియో అడగండి. నిజమైన కలెక్టర్ అడక్కుండానే పంపుతాడు, పైగా అరగంట కబుర్లు చెబుతాడు. యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. నేను కార్డుతో కట్టాను కాబట్టి ఛార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వాపసు) అడగగలిగాను. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేయొచ్చు.

రీఇష్యూలు వద్దని నేననను. రీఇష్యూ అని చెప్పి, ఆ ధరకే అమ్మితే హాయిగా కొనుక్కోవచ్చు. కొన్ని రీమాస్టర్లలో (పాత రికార్డింగ్‌ని మళ్ళీ సర్ది వేసినవాటిలో) వాల్యూమ్ పెంచి పెంచి ప్రాణం తీసేశారన్నది నిజమే. కానీ ఇయరేక్ అనే రికార్డు సంస్థ మార్బిడ్ ఏంజెల్ బ్యాండ్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ని ఫుల్ డైనమిక్ రేంజ్ (మెల్లటి, బిగ్గర శబ్దాల మధ్య తేడా పోకుండా) అని విడిగా వేసింది, అలాంటివి చూసుకోండి. 14,000 చేతిలో ఉంటే మన హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండ్ గాడ్‌లెస్ లాంటి వాళ్ళ దగ్గరే టీషర్టులూ సీడీలూ కొన్నా అర్థముంది.

ఈ వారం నాకు అమ్మినతను తన పేజీలో మరో బ్రెజిల్ బ్యాండ్ సార్కోఫాగో ‘ఐ.ఎన్.ఆర్.ఐ.’ 1987 ఒరిజినల్ అని కొత్తగా పెట్టాడు. అదే తళతళలాడే సీల్. వేరే అకౌంట్ నుంచి నంబరు గీసిన పట్టీ ఫోటో అడిగాను. పది నిమిషాల్లో బ్లాక్ చేశాడు.