కుబోటానా, జీవోనా? ముందు టేపు పట్టుకుని మీ అచ్చు కొలవండి

మృగశిర దగ్గరపడితే చాలు, ఒకటే ప్రశ్న. "అన్నా, పత్తి చేనుకు మినీ ట్రాక్టర్ తీసుకుందామనుకుంటున్న. కుబోటా మంచిగుంటదా, జీవో మంచిగుంటదా?" పరకాల నుంచి అడుగుతారు, రేగొండ నుంచి అడుగుతారు, నర్సంపేట దిక్కు నుంచీ అడుగుతారు. ఊళ్లో అరకలు తగ్గిపోయాయి. ఉన్న ఒకటి రెండు జతల ఎడ్లు అదునులో అందరికీ అందవు. పెద్ద ట్రాక్టర్ సాళ్లలోకి దూరదు. అందుకే అందరి చూపూ 20 నుంచి 30 హెచ్‌పీ బండ్ల మీద పడింది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నేను చూసిందీ, నడిపిందీ ఒకచోట రాస్తున్నాను.

నాకు అయిదెకరాల నల్లరేగడి చేను, చెరువు కింద రెండెకరాల పొలం ఉన్నాయి. నేను తీసుకున్నది మహీంద్రా జీవో 245. మా బావకు ములుగు దిక్కు అంతా వరి పొలమే, ఆయన దగ్గర కుబోటా బీ2441 ఉంది. నాట్ల అప్పుడు ఆయన బండి నేను నడుపుతాను, గుంటుక (సాళ్ల నడుమ కలుపు పోయేలా దున్నడం) అప్పుడు నా బండి ఆయన నడుపుతాడు. ఏ బండి మీదా నాకు కోపం లేదు. ఎటు మొగ్గుతానో మాత్రం చదువుతుంటే మీకే తెలుస్తుంది.

కాగితం మీద చూస్తే రెండూ ఒకే తూకం. రెండూ 24 హెచ్‌పీ, రెండూ ఫోర్ వీల్ డ్రైవ్, రెండింటి లిఫ్టూ 750 కిలోలు ఎత్తుతుంది. కుబోటాది మూడు సిలిండర్ల ఇంజన్, 2600 ఆర్‌పీఎం. జీవోది రెండు సిలిండర్లు, 2300 ఆర్‌పీఎం. సీట్లో కూర్చున్న పది నిమిషాల్లో ఈ తేడా ఒంటికి తెలుస్తుంది. కుబోటా మెత్తగా నడుస్తుంది, అదురు తక్కువ. పొద్దంతా నడిపి దిగినా నడుము పట్టేసినట్టు ఉండదు. జీవో కాస్త దడదడలాడుతుంది. కానీ తక్కువ ఆర్‌పీఎం మీదే బలంగా లాగుతుంది, గట్టి నేలలో కల్టివేటర్ పళ్లు దిగినా ఇంజన్ పడిపోదు. రోటవేటర్‌ను తిప్పే పీటీవో దగ్గర ఇంకో తేడా ఉంది. జీవోకు 22 హెచ్‌పీ దాకా చెప్తారు, కుబోటాకు 17.4. పేరుకు రెండూ 24 అయినా రోటవేటర్ షాఫ్ట్‌కు చేరే బలం ఒకటి కాదు. పత్తి కట్టె పీకేసిన చేనులో రోటవేటర్ వేసేవాళ్లు ఈ అంకె చూసుకోవాలి.

ఇవన్నీ షోరూంలో వాళ్లే చెప్తారు. వాళ్లు చెప్పనిది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది: మీ పత్తి అచ్చుకూ, అంటే మొక్కల వరసకూ వరసకూ నడుమ ఎడానికీ, ట్రాక్టర్ చక్రాల ఎడానికీ పొత్తు కుదురుతుందా లేదా.

బండి కొనకముందు ఒక ఏడాది కిరాయికి మినీ ట్రాక్టర్ పిలిచాను. మొక్క జానెడు ఎత్తుంది. మాది మూడడుగుల అచ్చు. ముందు చక్రాలు సాళ్ల నడుమ చక్కగా పోతున్నాయి. నేను ముందు నడుస్తూ వాటినే చూస్తున్నాను. సగం చేను దాటాక వెనక్కి తిరిగి చూస్తే, వెనక చక్రం పోయినంత మేరా ఒక పక్క మొక్కలు మట్టిలోకి అణిగి ఉన్నాయి. ముందు చక్రాల ఎడం వేరు, వెనక చక్రాల ఎడం వేరు. ముందు చక్రం నడిచిన బాటలో వెనక చక్రం నడవడం లేదు. నడిపేవాడి తప్పేం లేదు పాపం, అతను ముందుకు చూసే కదా నడపాలి. నాలుగు సాళ్లు పోయాయి. మళ్లీ విత్తుదామంటే ఆరుద్ర కూడా దాటింది. ఆ సాయంత్రం టేపు తెచ్చి బండి ముందూ వెనకా కొలిచాను. ఆ తర్వాత ఏ షోరూంకు పోయినా నా జేబులో టేపు ఉంది.

టేపు ఎట్లా పట్టాలో కూడా చెప్తాను. కాగితం మీద రాసే ట్రాక్ అంటే ఒక టైరు నడిమి నుంచి ఇంకో టైరు నడిమి దాకా ఉండే ఎడం. బయటి అంచు నుంచి బయటి అంచుకు కాదు. జీవో వెనక ట్రాక్‌ను 762 మి.మీ. దాకా దగ్గరికి తేవచ్చంటారు, అంటే 30 అంగుళాలు. అది విని "మాది 36 అంగుళాల అచ్చు, హాయిగా దూరుతుంది" అనుకుంటారు. దూరదు. వెనక టైరు 8.3 సైజు, అంటే వెడల్పు 8.3 అంగుళాలు. అటు సగం, ఇటు సగం కలిపితే బయటి నుంచి బయటికి 38 అంగుళాల పైనే అవుతుంది. మూడడుగుల సాలు నడుమ ఆ బండి పట్టదు. కుబోటా కూడా పట్టదు. ఈ తరగతి బండ్లలో సాలు నడుమ మొత్తంగా దూరి మూడడుగుల అచ్చులో నడిచేది నేను చూడలేదు.

మరి మూడడుగుల అచ్చులో పని ఎట్లా? మొక్క వరసను బండి కడుపు కింద పెట్టుకుని, చక్రాలను రెండు పక్కల సాళ్లలో నడిపించాలి. అప్పుడు ట్రాక్ అచ్చంత ఉండాలి, అంటే దాదాపు 36 అంగుళాలు. ముందూ వెనకా రెండూ దాని దగ్గరికి రావాలి, ఒకదానికొకటి రెండు మూడు అంగుళాలకు మించి తేడా ఉండకూడదు. వెనక చక్రాలను రిమ్ములు తిప్పి బిగించి ఎడం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు యాక్సిల్ దగ్గర మన చేతిలో ఉండేది తక్కువ. కాబట్టి ముందు చక్రాల ఎడం ఎంతో మొదట కొలిచి, వెనకవాటిని దానికి కలపాలి. కల్టివేటర్‌కు నడిమి పన్ను తీసేయడం మరవకండి. అది సరిగ్గా మొక్క మీదికి వస్తుంది. చక్రం వెనకాల వచ్చే పన్నును మాత్రం వేలెడు కిందికి దించండి, టైరు అణిచిన నల్లరేగడి అక్కడ గుల్ల కావాలి.

ఈ పద్ధతికి గడువు తక్కువ. కుబోటా కడుపు కింద 325 మి.మీ. ఖాళీ ఉంటుంది, పదమూడు అంగుళాలు. లేత మొక్క కొంత వంగి లేస్తుంది గనక ఇంకో జానెడు వరకు నడుస్తుంది. మొక్క మోకాలు దాటి కాండం గట్టిపడితే యాక్సిల్ తగిలి విరుగుతుంది. వానలు సరిగా ఉంటే 35, 40 రోజులకు ఆ ఎత్తు వచ్చేస్తుంది. అంటే రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు గుంటుక. ఆ పైన ఎడ్లన్నా పిలవాలి, పవర్ వీడరన్నా (వెనక నడుస్తూ చేత్తో నడిపే కలుపు యంత్రం) పట్టాలి.

నాలుగడుగుల అచ్చుకు మారితే సంగతి వేరు. 48 అంగుళాల సాలు నడుమ 38 అంగుళాల బండి, రెండు పక్కలా అయిదేసి అంగుళాలు మిగులుతాయి. మొక్క ఎంత ఎత్తున్నా కడుపుకు తగిలే బాధ లేదు. కొమ్మలు పక్కలకు సాగి పూత మీదికి వచ్చేదాకా లోపల తిరగొచ్చు. "అచ్చు పెంచితే మొక్కలు తగ్గవా?" అని మా నాయిన కూడా అడిగాడు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మూడడుగుల అచ్చులో అడుగున్నర కొకటి పెడితే 9,680 మొక్కలు. నాలుగడుగుల అచ్చులో అడుగు కొకటి పెడితే 10,890. తగ్గకపోగా పెరుగుతాయి. సాలులో మొక్కలు దగ్గరైన కొద్దీ కలుపు తీసేటప్పుడు ఓపిక పట్టాలి, అంతే. నేను జీవో తీసుకున్నాక చేసిన మొదటి పని అచ్చు మార్చడం. వెనక ట్రాక్‌ను అంత దగ్గరికి తేవచ్చన్న ఒక్క కారణమే నన్ను దాని వైపు లాగింది. నా చేనులో అది లేకపోతే మిగతా గుణాలన్నీ ఉండి ఏం లాభం?

అధిక సాంద్రత పత్తి (మొక్కలు దగ్గర దగ్గరగా వేసే పద్ధతి) వేస్తామనేవాళ్లు కూడా ఇదే లెక్క వేసుకోండి. అందులో సాలు ఎడం 80, 90 సెంటీమీటర్లు ఉంటుంది. ఏ బండైనా కడుపు కింది పనే, మొదటి నెల పనే.

ఇంకో చిన్న మాట, చేను చివర మలుపుకునే జాగ. రెండు చివర్లా పది పన్నెండు అడుగులు పత్తి లేకుండా వదలాలి, లేకపోతే మలిపిన ప్రతిసారీ పది మొక్కలు పోతాయి. నేను అక్కడ రెండు సాళ్లు కంది అడ్డంగా వేసేవాణ్ని. ఇప్పుడు పెసర వేస్తున్నాను. అది ముందుగానే కోతకొస్తుంది, ఆ తర్వాత బండి దర్జాగా తిరుగుతుంది.

ఇక పొలం పని. ఇక్కడ కుబోటాకే మార్కులు వేస్తాను. బరువు ఏడు క్వింటాళ్ల లోపే. పెద్ద బండి దిగబడి ఇంకో బండితో లాగించుకునే ఊబ మడుల్లో ఇది కేజీవీల్స్ (బురదలో వాడే ఇనుప చక్రాలు) కట్టుకుని తేలిపోయినట్టు పోతుంది. ముందు యాక్సిల్‌కు బెవెల్ గేర్లు ఉంటాయి, అవి మూసిన పెట్టెలో ఉంటాయి గనక బురద లోపలికి పోదు, చక్రాలు బాగా కోసుగా తిరుగుతాయి. పది గుంటల మడిలో మూల మూలకూ రోటవేటర్ తగిలించాలంటే ఆ తిరుగుడు కావాలి. మా బావ మడుల్లో మూలలు పారతో చెక్కే పని సగానికి సగం తగ్గింది. మీకు చేను తక్కువ, చెరువు కింద పొలం ఎక్కువైతే నా మాట విని జీవో తీసుకోకండి, కుబోటాకే పోండి.

మూడోది ఓజా. మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టు 15న బయటపెట్టారు, తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. 2121, 2124, 2127 అని 21 హెచ్‌పీ నుంచి మొదలవుతాయి. ముందుకు 12 గేర్లు, వెనక్కు 12 గేర్లు. ముందుకూ వెనక్కూ మార్చడానికి షటిల్ లివర్ ఉంటుంది, లిఫ్ట్ 950 కిలోలు ఎత్తుతుంది. చిన్న మడిలో ముందుకు వెనక్కు ఆడించేవాళ్లకు ఆ లివర్ చాలా సుఖం. నేను డెమోలో గంటసేపు నడిపాను, మనసుకు నచ్చింది. కానీ ఎలక్ట్రానిక్ పనితనం ఎక్కువున్న బండి. కొనేముందు దాన్ని విప్పి చూడగలిగే మెకానిక్ మీకు ఎంత దూరంలో ఉన్నాడో కనుక్కోండి. అదునులో రెండు రోజులు బండి నిలబడితే చేను కలుపు కప్పేస్తుంది. ఈ ప్రశ్న నిజానికి మూడు బండ్లకూ అడగాలి. ఆయిల్ ఫిల్టర్, క్లచ్ ప్లేటు ఆ డీలర్ దగ్గర ఈరోజు ఉన్నాయా అని అడిగి, కళ్లతో చూసి రండి.

స్వరాజ్ టార్గెట్ 630 మీద కూడా అడుగుతున్నారు. 29 హెచ్‌పీ బండి, బలం బాగుంటుంది, కొలతలు మాత్రం మీరే పట్టుకోండి. స్వరాజ్ 717, యువరాజ్ 215 లాంటి 15 హెచ్‌పీ బండ్లు మామిడి తోటలకు, మందు కొట్టడానికి సరిపోతాయి. టూ వీల్ డ్రైవ్‌తో తడి నల్లరేగడిలో ఇబ్బంది. స్వరాజ్ కోడ్ సన్నగా ఉంటుంది, 11 హెచ్‌పీ పెట్రోల్ బండి, కూరగాయలు వేసేవాళ్లు చూడొచ్చు. మిర్చికి మాత్రం వీటిలో ఏదీ చెప్పను. రెండు, రెండుంపావు అడుగుల అచ్చులో పవర్ వీడరే దిక్కు.

పత్తి బస్తాలు ట్రాలీలో నింపుకుని ఎనుమాముల మార్కెట్‌కు పోవాలనుకునేవాళ్లు ఈ బండ్ల జోలికి రావద్దు. అది 45 హెచ్‌పీ పని. నేను ఇప్పటికీ ఆ రెండు ట్రిప్పులకు కిరాయి బండే పిలుస్తాను.

ధర అడిగేటప్పుడు పాత కొటేషన్ పట్టుకుని పోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5కు దిగింది. రోటవేటర్‌తో కలిపి, రిజిస్ట్రేషన్ అయి ఇంటి ముందు నిలబడే ధర ఎంతో కాగితం మీద రాయించుకోండి. డెమో మాత్రం డీలర్ చూపించే ఎండు జాగలో కాదు, వాన పడ్డ మరునాడు మీ చేనులో, మీ సాలులో అడగండి. రానంటే ఇంకో డీలర్ దగ్గరికి పోండి.

ఇకమీదట నన్ను అడిగేవాళ్లు రెండు సంగతులు ముందే చెప్పండి: మీ పత్తి అచ్చు ఎన్ని అంగుళాలు, చేనెంత పొలమెంత. కిందటి వారం రేగొండ తమ్ముడొకరు 42 అంగుళాలని చెప్పాడు. ఆ అచ్చులో సాలు నడుమ నడిపితే పక్కకు రెండంగుళాలే మిగులుతాయి, కడుపు కింద నడిపిద్దామంటే ట్రాక్ అంత సాగదు. ఈ వానాకాలానికి అచ్చు మార్చి విత్తుకో, బండి వచ్చే ఏడు చూద్దామన్నాను.