కేమెల్ అప్: ఒంటె ఎవరిదీ కాదు, కేకలు మాత్రం అందరివీ

మా ఇంట్లో అష్టాచెమ్మా వేస్తే చివరికి ఎవరో ఒకరు ఏడవాల్సిందే. కాయ చంపారని పిల్లలు, తొండి ఆడారని పెద్దలు. అందుకే ఈసారి సంక్రాంతికి కేమెల్ అప్ అనే బోర్డు గేమ్ తెప్పించాను, 2018లో వచ్చిన రెండో ఎడిషన్. పెట్టె మూల నలిగిపోయి వచ్చింది, అమ్మినాయన ఫోన్ ఎత్తడు, ఆ గొడవ వదిలేద్దాం.

పందెంలో ఐదు ఒంటెలు పరిగెడతాయి, ఏదీ మనది కాదు. మనం పక్కన నిలబడి పందెం కాసేవాళ్లం అంతే, పైగా అన్నీ ఆట డబ్బులే కాబట్టి పండగ పూట పోలీసుల టెన్షన్ కూడా లేదు. రంగు పాచికలున్న పిరమిడ్ బోర్లించి నొక్కితే ఒక్క పాచిక పడుతుంది, ఆ రంగు ఒంటె ఒకటో రెండో మూడో గళ్లు కదులుతుంది. అసలు తమాషా ఏంటంటే, వెళ్లిన గడిలో ఇంకో ఒంటె ఉంటే దాని నెత్తినెక్కి కూర్చుంటుంది. తర్వాత కింది ఒంటె కదిలితే పైనున్నవన్నీ ఊరికే సవారీ చేస్తాయి, పైగా అందరికన్నా పైనున్నదే ముందున్నట్టు లెక్క! ఇది చాలదన్నట్టు నలుపొకటి, తెలుపొకటి రెండు పిచ్చి ఒంటెలు ఎదురు పరిగెడుతుంటాయి.

మా అత్తయ్య మొదట "నాకు ఇవన్నీ రావమ్మా" అని పక్కకి జరిగి కూర్చున్నారు. రెండో రౌండుకి ఊదా ఒంటె మీద, అది ముందుంటే 5 రూకలొచ్చే పందెం చీటీ లాగేసుకున్నారు (ఆలస్యంగా తీసుకుంటే 3, ఆ తర్వాత 2). ఊదా వెళ్లి తెల్ల ఒంటె మీద కూర్చుంది, వెంటనే పిచ్చి ఒంటెల్ని కదిపే బూడిద రంగు పాచిక పడింది, తెల్లది ఊదాని మోసుకుంటూ మూడు గళ్లు వెనక్కి పోయింది. "దీని దుంపతెగ!" అని ఆవిడ అరిచిన అరుపుకి వంటింట్లోంచి అరిసెల గరిటెతో సహా పిన్ని పరిగెత్తుకొచ్చింది.

ఎత్తులు, పైఎత్తులు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చదు, 2014లో జర్మనీవాళ్లు దీనికి స్పీల్ దెస్ యారెస్ (ఆ ఏటి మేటి ఆట) అవార్డు ఇచ్చారన్నా సరే. ఎనిమిది మంది వరకు ఆడొచ్చు. ముగ్గురితో చప్పగా ఉంటుంది, ఆరుగురు ఉంటే ఇల్లు ఎగిరిపోతుంది. పెట్టె మీద ఎనిమిదేళ్లు దాటినవాళ్లకని ఉన్నా మా ఆరేళ్లవాడు వదల్లేదు. వాడికి పందేలు అర్థం కాలేదు, పిరమిడ్ బోర్లించడమే ఇష్టం. బోర్లించిన ప్రతిసారీ ఒక రూక వస్తుంది కదా, అలా పోగేసుకుంటూ పోయి రెండో స్థానంలో నిలిచాడు. కాగితం మీద లెక్కలేసుకుని మరీ ఆడిన మా ఆయన దగ్గర చివరికి మిగిలింది రెండు రూకలు.