‘ఇంట్లోనే బీరు’ కిట్లు అమ్ముతున్నారు, హైదరాబాద్ వాళ్లు జాగ్రత్త

‘ఇంట్లోనే బీరు తయారు చేసుకోండి’ అంటూ కొన్నాళ్లుగా హైదరాబాద్‌లో సామాజిక మాధ్యమాల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, మాల్టు, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు, ఈస్టు, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, సీసాలు, చిన్న పుస్తకం, అన్నీ కలిపి 8,500 రూపాయలు. ఫొటోలు ముచ్చటగా ఉంటాయి. వాటి కింద ఒక మాట రాసి ఉంటుంది: ‘సొంత వాడకానికి ఏడాదికి 100 గ్యాలన్ల వరకు చట్టబద్ధం, లైసెన్సు అక్కర్లేదు.’ మా బావమరిది ఆ మాట నమ్మే డబ్బు పంపాడు. పెట్టె కొండాపూర్‌లో వాళ్ల ఫ్లాటుకు వచ్చింది. ఉద్యోగం పేరుతో కొన్నేళ్లు అమెరికాలో ఉన్నప్పుడు అక్కడి స్నేహితులతో కలిసి బీరు కాచిన అనుభవం నాకు ఉంది. అందుకే పెట్టె విప్పడానికి నన్ను పిలిచాడు. విప్పాక బయటపడిన సంగతులు ఇవి.

ముందు ఆ 100 గ్యాలన్ల కథ. ఆ లెక్క నిజమే, కానీ అది అమెరికాది. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం అక్కడ సొంత వాడకానికి ఇంట్లో కాచుకున్న బీరుకు కేంద్ర పన్ను లేదు. వయసు వచ్చినవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువ మందో ఉంటే 200 గ్యాలన్లు. అక్కడ కూడా రాష్ట్రాల దారి రాష్ట్రాలదే. అలబామా, మిసిసిపి 2013 దాకా ఒప్పుకోలేదు. కిట్టు అమ్మినవాడు ఆ వాక్యాన్ని ఎక్కడి నుంచో ఎత్తి తెలుగులో పెట్టాడు, కనీసం లీటర్లలోకి మార్చే శ్రమ కూడా తీసుకోలేదు. పాలు, పెట్రోలు అన్నీ లీటర్లలో కొనే ఊరికి గ్యాలన్ల చట్టం ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో మద్యం రాష్ట్రాల చేతిలో ఉంది. తయారీ, దగ్గర ఉంచుకోవడం, రవాణా, కొనడం, అమ్మడం అన్నీ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలోకి వస్తాయి. తెలంగాణలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం నడుస్తోంది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. తయారు చేసే ఉద్దేశంతో సామగ్రి దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. ‘సొంతానికి కొంచెమే’ అన్నవాళ్లకు ప్రత్యేకంగా తలుపు తెరిచి లేదు. గుడుంబాకు వాడతారని తెలిసీ నల్లబెల్లం అమ్మినవాళ్ల మీద కూడా కేసులు పెట్టిన రాష్ట్రం ఇది. ధూల్‌పేట బట్టీకి ఒక చట్టం, గచ్చిబౌలి ఫ్లాటుకు మరో చట్టం ఉండవు. జూబ్లీహిల్స్‌లో తాజా బీరు పోసే మైక్రోబ్రూవరీలు లైసెన్సు తీసుకుని, రుసుము కట్టి నడుస్తున్నాయి. అమ్మినవాడికి ఇదంతా తెలియదని నేను అనుకోను. ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

ఇక సరుకు. ‘దిగుమతి చేసుకున్న మాల్టు’ అని రాసిన సంచిలో ఐదు కిలోల గింజలు ఉన్నాయి. మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మన ఇళ్లలో రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి పిండి పట్టిస్తారు కదా, బార్లీతో చేసే పని కూడా అదే. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములే తర్వాత 65 డిగ్రీల అటూఇటూ వేడినీళ్లలో పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఈస్టు తినేది ఆ చక్కెరనే. అసలైన మాల్టు గింజ పంటి కింద పెళుసుగా విరిగి, నమిలేకొద్దీ తియ్యబడుతుంది. ఈ గింజ కొరికితే పన్ను కదిలినంత పనైంది. రుచి లేదు, తీపి అసలే లేదు. నాలుగు గింజలను నీళ్లలో కాసేపు ఉంచి, గోటితో పొట్టు ఒలిచి చూశాం. మాల్టు అయితే పొట్టు కింద గింజ వీపు పొడవునా పెరిగిన మొలక కనిపించాలి. వీటిలో ఆ జాడే లేదు. అంటే కిరాణా కొట్లో దొరికే మామూలు పొట్టు బార్లీని సంచి మార్చి అమ్మారు. దీనితో ఎన్ని గంటలు కాచినా బార్లీ జావ తప్ప ఇంకేమీ రాదు.

హాప్స్ సంగతి చెప్పాలంటే ముక్కు మూసుకోవాలి. గాలి చొరబడకుండా, చల్లగా, వెలుతురు తగలకుండా ఉంచాల్సిన సరుకు అది. తాజాగా ఉంటే ఆకుపచ్చగా, నిమ్మతొక్కలోనో పైన్ చెట్టులోనో ఉండే ఘాటు వాసనతో ఉంటుంది. మాకు వచ్చింది మామూలు పాలిథిన్ కవరులో గోధుమరంగుకు తిరిగిన పొడి. కవరు తెరవగానే వానాకాలంలో బూట్లలో మరిచిపోయిన మేజోళ్ల కంపు గది నిండా పరుచుకుంది. పాతబడిన హాప్స్‌కు వచ్చే వాసన అదే.

ఈస్టు పొట్లం మీద గడువు తేదీ స్టిక్కరు అతికించి ఉంది. స్టిక్కరు తీస్తే కింద మరో తేదీ, ఎప్పుడో దాటిపోయినది. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి చూస్తే నురగ రాలేదు. ఒకవేళ బతికి ఉన్నా అది లాగర్ అనే రకం బీరుకు వాడే ఈస్టు. దానికి కావాల్సింది 7 నుంచి 13 డిగ్రీల చల్లదనం. పుస్తకంలో మాత్రం ‘గది ఉష్ణోగ్రతలో ఏ కాలంలోనైనా’ అని రాశారు. మే నెలలో హైదరాబాద్ గది ఉష్ణోగ్రత ఎంతో రాసినవాడికి తెలియదా? ఏల్ అనే మరో రకం బీరు ఈస్టుకు కూడా 18 నుంచి 22 డిగ్రీలు ఉంటే మంచిది. అంతకు మించి వేడెక్కితే ఘాటైన ఆల్కహాళ్లు పుడతాయి.

హైడ్రోమీటరును మంచినీళ్లలో వదిలితే 1.000 దగ్గర నిలవాలి. ఇది 1.010 చూపించింది. నీళ్లు కాస్త వెచ్చగా ఉంటే ఇంకా తక్కువ చూపాలి కానీ ఎక్కువ కాదు. డబ్బా మీద ఏ ప్లాస్టిక్కో తెలిపే త్రికోణం గుర్తు లేదు, మూత తీస్తే రంగుల కొట్టు వాసన. ‘శానిటైజర్’ అని చేత్తో రాసిన పొట్లంలో తెల్లటి పొడి ఉంది, అదేమిటో ఎక్కడా లేదు.

వీటన్నిటిలో నాకు నిజంగా భయం వేసింది సీసాల దగ్గర. షర్బత్ పోసుకునే పలుచటి నలుపలకల గాజు సీసాలు, పైన క్లిప్పు మూత. బీరులో గ్యాసు పుట్టడానికి సీసాలో కొద్దిగా పంచదార వేసి మూత బిగిస్తారు. మిగిలి ఉన్న ఈస్టు దాన్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాకు 4 గ్రాముల పంచదార చాలు. పుస్తకంలో ‘సీసాకు రెండు చెంచాలు’ అని ఉంది, అంటే 8 నుంచి 10 గ్రాములు. గ్యాసు ఒత్తిడి రెట్టింపు అవుతుంది. మందపాటి గుండ్రటి బీరు సీసాకే అది పరీక్ష. నలుపలకల సీసాలకు మూలల్లో బలం ఉండదు. ఎండాకాలంలో వంటగది అరలో ఇలాంటివి పేలితే గాజు పెంకులు ఎవరి కంట్లో పడతాయో చెప్పలేం. మా బావమరిదికి ఐదేళ్ల కూతురు ఉంది.

అన్నీ ఫొటోలు తీసి అమ్మినవాడికి ఫోను చేశాం. మొదట ‘మాల్టు అలాగే ఉంటుంది సార్, మీకు అలవాటు లేదు’ అన్నాడు. మొలక సంగతి అడిగితే మాట మార్చాడు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే గొంతు మారింది. ‘ఫిర్యాదు చేస్తారా సార్? చేసుకోండి. ఇంట్లో బీరు కాయడానికి కొన్నామని ఏ ఆఫీసుకు వెళ్లి చెబుతారు?’ అన్నాడు. చట్టబద్ధం అని ప్రకటనలో రాసిన మనిషే ఈ మాట అన్నాడని గమనించండి. డబ్బు పంపేదాకా ఒక చట్టం, పంపాక మరొకటి. నాసిరకం సరుకు అమ్మేవాళ్లను చాలామందిని చూశాను కానీ కొన్నవాడి భయాన్నే గ్యారంటీ కార్డుగా పెట్టుకున్న వ్యాపారిని చూడటం ఇదే మొదలు.

‘వదిలేద్దాం బావా, లేనిపోని తలనొప్పి’ అన్నాడు మా బావమరిది. నేను వద్దన్నాను. మాకు తెలిసిన ఒక న్యాయవాదిని అడిగితే ఆయన చెప్పింది సూటిగా ఉంది: కిట్టుతో ఏమీ తయారు చేయకండి, చేసే ఆలోచన కూడా మానుకోండి, పెట్టె ఉన్నది ఉన్నట్టు ఉంచండి, చట్టబద్ధమన్న ప్రకటనను ఫొటో తీసి దాచండి. మన ఫిర్యాదు బీరు గురించి కాదు. తప్పుడు ప్రకటన గురించి, మాల్టు పేరుతో బార్లీ అమ్మడం గురించి, తేదీ మార్చిన పొట్లం గురించి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నికర బరువు, ధర ఉండాలి. ఆహార పదార్థమైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ఉండాలి. ఆ పెట్టెలో ఒక్కదాని మీద కూడా ఇవేమీ లేవు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. బిల్లు ఇవ్వలేదు కాబట్టి యూపీఐ చెల్లింపు నంబరు, కొరియర్ రసీదు, వాట్సాప్ సంభాషణ జతచేశాం. ఇంకా తేలలేదు. ఈలోగా ఆ పేజీ మాయమైంది, ఫోను మూగబోయింది.

మాల్టు మీద నిజంగా సరదా ఉన్నవాళ్లకు ఒక మాట. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి, మత్తు లేని మాల్టు పానీయం ఇంట్లో చేసుకోవచ్చు. గింజ తీపిగా మారడం చూడటంలో సగం ఆనందం ఉంది. తాజా బీరే కావాలంటే లైసెన్సున్న చోటికి వెళ్లండి.

ఇది రాస్తుండగానే అవే ఫొటోలతో, మరో పేరుతో కొత్త పేజీ కనిపించింది. ధర 6,999కి తగ్గించారు, ‘పండగ ఆఫర్’ అన్నారు. ఈసారి గ్యాలన్ల మాట తీసేసి ‘సొంత వాడకానికి అనుమతి ఉంది’ అని మాత్రమే రాశారు. సీసాల వెనక నీలిరంగు పలకల గోడ, ముందు వరుసలో క్లిప్పు వంగిన ఒక సీసా ఉంటే అది వీళ్లదే. ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఉంటే పేజీ మాయం కాకముందే ప్రకటనను ఫొటో తీసి పెట్టుకోండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, ఆ సీసాల్లో మాత్రం ఏదీ పోసి మూత బిగించకండి.