వుహాన్ యూనివర్సిటీ: పూలకి వెళ్ళి గుట్ట చూసొచ్చాం

కరోనా రోజుల్లో ఊరూరా తెలిసిన పేరు వుహాన్. మా సర్వే వాళ్ళకి మాత్రం అది చాలా ముందే తెలుసు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ళు మ్యాపుల పనిలో ఉన్నాను. రిమోట్ సెన్సింగ్ మీద, అంటే శాటిలైట్ బొమ్మలతో నేలని చదివే విద్య మీద, ఏ పేపరు తిరగేసినా, రాసినవాళ్ళ పేర్ల కింద వుహాన్ యూనివర్సిటీ అని కనపడేది. అదెలాంటి చోటో చూడాలని ఎప్పటినుంచో ఉండేది. మా చెల్లెలి కొడుకు అక్కడ పీహెచ్‌డీలో చేరేసరికి సాకు దొరికింది. 2025 మార్చి ఆఖర్లో, అక్కడి చెర్రీ పూల సీజను చూసుకుని నేనూ మా ఆవిడా బయల్దేరాం.

అప్పటికి మన దేశం నుంచి చైనాకి డైరెక్ట్ ఫ్లైట్లు లేవు. బ్యాంకాక్‌లో మారి, రాత్రి తొమ్మిదింటికి వుహాన్‌లో దిగాం. ఎయిర్‌పోర్టు నుంచి రెండో నంబరు మెట్రో లైను తిన్నగా యూనివర్సిటీ పక్కకే వెళ్తుంది. దిగాల్సింది జియేదావ్‌కౌ లేదా గువాంగ్‌బుతున్ స్టేషన్‌లో. గంట పైచిలుకు ప్రయాణం, మనిషికి పది యువాన్లు కూడా కాలేదు. యువాన్ అప్పుడు పన్నెండు రూపాయలకి కొంచెం తక్కువ. సామాను మరీ ఎక్కువ లేకపోతే ట్యాక్సీ అక్కర్లేదు.

దెబ్బ తిన్నది బస దగ్గర. హైదరాబాద్‌లోనే ఆన్‌లైన్‌లో చవగ్గా ఓ చిన్న లాడ్జి బుక్ చేశాను, రాత్రికి 180 యువాన్లు. కౌంటర్లో అమ్మాయి మా పాస్‌పోర్టులు అటూ ఇటూ తిప్పి, ఫోన్లో ఏదో టైపు చేసి చూపించింది: విదేశీయులని నమోదు చేసుకునే ఏర్పాటు మా దగ్గర లేదు. చైనాలో విదేశీయుడు ఎక్కడ దిగినా 24 గంటల్లోపల పోలీసు రికార్డులోకి ఎక్కాలి, హోటల్లో దిగితే ఆ పని హోటలు వాళ్ళే చేస్తారు. విదేశీయులని తిప్పి పంపొద్దని 2024లో ప్రభుత్వం గట్టిగానే చెప్పింది. ఆ మాట ఆ కౌంటరు దాకా రాలేదు. రాత్రి పదకొండున్నరకి రోడ్డు మీద రెండు సూట్‌కేసులతో నిలబడితే ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను. మేనల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చి, జియేదావ్‌కౌ దగ్గర ఓ పెద్ద చెయిన్ హోటల్లో గది ఇప్పించాడు. రాత్రికి 360. చెర్రీ పూల సీజను కాకపోతే అదే గది 200కి వస్తుందట. శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్ళ కెటిల్ ఉంది, మా ఆవిడ ఎమ్‌టీఆర్ ఉప్మా పొట్లాలకి అదే ప్రాణాధారం. చివరి రాత్రి ఈస్ట్ లేక్ గట్టున ఓ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. అక్కడ ప్రశాంతతకి వంక పెట్టలేం, కానీ మెట్రోకి చాలా దూరం. మళ్ళీ వెళ్తే జియేదావ్‌కౌలోనే దిగుతాను.

డబ్బుల సంగతి. వెళ్ళేముందే అలీపే యాప్‌లో మన వీసా లేదా మాస్టర్ కార్డు ఎక్కించుకుంటే టీకొట్టు నుంచి మ్యూజియం దాకా అంతా దానితోనే. 200 యువాన్లు దాటిన బిల్లుకి మూడు శాతం పైన పడుతుంది. మన సిమ్ రోమింగ్‌లో ఉంచుకోండి, వాట్సాప్ పనిచేస్తుంది. హోటలు వైఫైలో చేయదు.

మ్యాపుల గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు! చైనాలో మామూలు జనం వాడే మ్యాపులన్నిటికీ ప్రభుత్వం పెట్టిన ఓ ప్రత్యేకమైన కొలత పద్ధతి ఉంది. అసలు జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలని కావాలనే కొన్ని వందల మీటర్లు జరుపుతుంది. అందుకే బయటి మ్యాపులో శాటిలైట్ బొమ్మ మీద రోడ్డు వెళ్ళి చెరువులో పడుతుంది. అక్కడి యాప్ వాడాల్సిందే. అలవాటు కొద్దీ చేతి జీపీఎస్ ఒకటి వెంట తీసుకెళ్ళాను. మేనల్లుడు అది చూసి హడలిపోయాడు. "మామయ్యా, అది సూట్‌కేసులోంచి బయటికి తీయకండి. ఇక్కడ పర్మిషన్ లేకుండా సర్వే చేస్తే కేసు." శాటిలైట్ బొమ్మల చదువులో ప్రపంచంలో ముందున్న ఊళ్ళో నా పాత జీపీఎస్ నాలుగు రోజులూ సాక్సుల కింద పడుకుంది.

ఇక యూనివర్సిటీ. లోపలికి వెళ్ళడం ఉచితమే కానీ ముందుగా పేరుతో బుక్ చేసుకోవాలి, పూల సీజన్లో మరీను. మేనల్లుడు మా పాస్‌పోర్టు నంబర్లతో ముందే చేసిపెట్టాడు. ముఖద్వారం నాలుగు స్తంభాల రాతి కమాను. ముందు వైపు 'జాతీయ వుహాన్ విశ్వవిద్యాలయం' అని పాత పద్ధతిలో కుడి నుంచి ఎడమకి, వెనక వైపు ఆరు అక్షరాలు: సాహిత్యం, న్యాయశాస్త్రం, సైన్సు, ఇంజనీరింగ్, వ్యవసాయం, వైద్యం. అందరూ ముందు వైపు ఫోటో దిగి లోపలికి పరిగెడతారు. వెనక్కి తిరిగి చూసినవాళ్ళు మాకు కనపడలేదు.

యూనివర్సిటీ పుట్టినరోజు మీద ఓ చిన్న తగవు ఉంది. 1893లో వుహాన్ ఉన్న హుబేయ్‌కీ, పక్కనున్న హునాన్‌కీ గవర్నరైన జాంగ్ జిదోంగ్ పెట్టిన జిచియాంగ్ విద్యాలయాన్ని మొదలుగా లెక్కేసి, 1993లో వందేళ్ళ పండగ చేసుకున్నారు. ఆ పేరుకి 'స్వశక్తితో బలపడటం' అని అర్థం. పడమటి దేశాల చేతిలో దెబ్బలు తిని, వాళ్ళ భాషలూ లెక్కలూ నేర్చుకుంటే తప్ప గతి లేదని చైనా అనుకున్న రోజులవి. అయితే ఆ బడికీ, 1913లో వచ్చిన టీచర్ల కాలేజీకీ మధ్య తాడు సన్నంగా ఉందని కొందరు చరిత్రకారుల వాదన. నాకైతే 1928 ముఖ్యం. జాతీయ వుహాన్ విశ్వవిద్యాలయం అనే పేరు వచ్చిందీ, కొత్త చోటు వెతకడం మొదలైందీ ఆ ఏడే.

చోటు వెతికిన కథ మా వృత్తికి దగ్గరది. లీ సిగువాంగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త, యె యాగె అనే అడవుల శాస్త్రవేత్త, ఇద్దరూ గాడిదలెక్కి ఊరి బయట గుట్టలన్నీ తిరిగి ఈస్ట్ లేక్ పక్కన ఈ కొండని పట్టుకున్నారు. కొండకి అప్పట్లో ఉన్న మోటు పేరుని దాదాపు అదే పలుకుబడితో 'లువోజియా'గా మార్చి, మణుల అర్థం వచ్చే అక్షరాలు పెట్టింది వెన్ యిదువో. ఆయన కవి, ఇక్కడి సాహిత్య విభాగానికి మొదటి అధిపతి. ప్లాను గీసింది కేల్స్ అనే అమెరికన్. ఎమ్‌ఐటీలో చదువుకున్నవాడు చైనా రాజభవనాల కప్పుల్ని కాంక్రీటు గోడల మీద పెట్టాడు. ఆకుపచ్చ గాజు పెంకులు, మూలల్లో పైకి లేచిన చూర్లు, లోపల ఇనుమూ సిమెంటూ. దాదాపు అవే ఏళ్ళలో మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా లేస్తోందని అక్కడ నిలబడితే గుర్తొచ్చింది.

అన్నిట్లోకీ నన్ను ఆపేసింది పాత హాస్టలు. 1931లో క్యాంపస్‌లోనే ఉన్న సింహాల గుట్ట వాలులో కట్టారు. వాలు ఉన్నచోట మనవాళ్ళయితే ముందు జేసీబీ పిలుస్తారు. కేల్స్ గుట్టని ముట్టుకోలేదు. కింద పునాది ఎక్కడికక్కడ హెచ్చుతగ్గులుగా వదిలేసి, పై కప్పు మాత్రం ఒకే మట్టంలో తెచ్చాడు. మూడు కమాను ద్వారాల్లోంచి వందకి అటూ ఇటూ మెట్లెక్కితే నేరుగా హాస్టలు డాబా మీద తేలతాం. ఆ డాబాయే పైనున్న పాత లైబ్రరీకి ముంగిలి. 'నేల ఎగుడుదిగుడు, నింగి చదును' అంటారట దీన్ని. మా ఆవిడ మెట్ల మధ్యలో ఆగి మోకాలు పట్టుకుని "మీ కేల్స్ గారు లిఫ్టు పెట్టలేదేంటండీ" అంది. పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఈ మెట్ల సంగతి ముందే చెప్పండి.

హాస్టలు వరసలకి నంబర్లు లేవు, పేర్లున్నాయి. పూర్వం చైనా పిల్లలు అక్షరాలు దిద్దుకునే వెయ్యి అక్షరాల పద్యం ఒకటుంది, మనకి ఓనమాల్లాంటిది. దాని మొదటి అక్షరాలే వరసగా పేర్లు: ఆకాశం, భూమి, నలుపు, పసుపు... ఇలా పదహారు. 2001 నుంచి ఈ పాత కట్టడాలన్నీ జాతీయ రక్షిత కట్టడాలు. అయినా కిటికీల్లో తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. మన దగ్గర రక్షిత కట్టడం అంటే తాళం కప్పా, నీలం బోర్డూ.

పూలు హాస్టలు కింద రోడ్డు పొడుగునా. మేం వెళ్ళేసరికి సగం రాలిపోయి రోడ్డు తెల్లగా ఉంది. అందమే, కాదనను. కానీ జనం! సెల్ఫీ కర్రల మధ్య మనిషికి మనిషి తగలకుండా నడవడం కుదరదు. పొద్దున్న ఏడింటికి వెళ్తేనే చెట్టు చూస్తారు, తొమ్మిది దాటితే తలలు చూస్తారు. పైగా ఈ పూల వెనక కథ పూలంత తెల్లగా లేదు. 1938లో జపాన్ సైన్యం ముంచుకొస్తుంటే యూనివర్సిటీ పుస్తకాలతో సహా సిచువాన్‌లోని లెషాన్‌కి వలస పోయి, కన్ఫ్యూషియస్ గుడిలో పాఠాలు చెప్పింది. ఆ ఏడే అక్టోబరులో వుహాన్ పడిపోయింది. ఖాళీ క్యాంపస్‌లో దిగిన జపాన్ సైనికులు 1939లో తమ ఊరు గుర్తుకోసం నాటుకున్నవే మొదటి చెర్రీ చెట్లు. 1946లో తిరిగొచ్చినవాళ్ళు వాటిని నరకలేదు. 1972లో రెండు దేశాలూ రాజీపడ్డాక జపాన్ ప్రధాని తనకా వెయ్యి మొక్కలు పంపితే, అందులో యాభై ఇక్కడికొచ్చాయి. ఇప్పటికీ పూల సీజన్లో జపాన్ కిమోనో వేసుకొచ్చి ఫోటోలు దిగితే ఇక్కడ గొడవలే.

మధ్యాహ్నం జనం తగ్గే చోటు లువోజియా గుట్ట దక్షిణం వైపు. అక్కడ చెట్ల నీడలో 'పద్దెనిమిది ఇళ్ళు' అని ప్రొఫెసర్ల పాత బంగళాలున్నాయి. తర్వాత చైనా ప్రధాని అయిన చౌ ఎన్‌లై 1938లో కొన్నాళ్ళు ఇక్కడే ఉన్నాడు. మేం వెళ్ళినప్పుడు ఇద్దరు ముసలివాళ్ళు తాయ్‌చీ చేసుకుంటున్నారు, అంతే.

రెండో రోజు నా తీర్థయాత్ర. రోడ్డుకి అటువైపు క్యాంపస్ ఒకప్పుడు వేరే యూనివర్సిటీ, 1956లో పెట్టిన సర్వే, మ్యాపుల సంస్థ. 2000లో దాన్నీ, నీటి పారుదల-విద్యుత్తు యూనివర్సిటీనీ, హుబేయ్ మెడికల్ యూనివర్సిటీనీ వుహాన్‌లో కలిపేశారు. ఆ కలయికతోనే యూనివర్సిటీకి ఇప్పటి రూపం. షాంఘై సబ్జెక్టు ర్యాంకుల్లో రిమోట్ సెన్సింగ్‌లో ఏళ్ళ తరబడి ప్రపంచంలో మొదటిది ఇదే. 2018 జూన్‌లో రాత్రి వెలుతుర్ని ఫోటో తీసే సొంత శాటిలైట్ లువోజియా-1ని పంపారు. ఇక్కడి ప్రొఫెసర్ లీ దరెన్‌కి దేశంలోకెల్లా పెద్ద సైన్సు బహుమతి దక్కింది. బయటినుంచి చూస్తే మాత్రం మామూలు సిమెంటు బిల్డింగులు. ఒక్క చెర్రీ టూరిస్టు కూడా లేడు. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని నిద్రపోయింది. నేను గంటసేపు ఊరికే తిరిగాను.

మొత్తం మీద దీని స్థాయేమిటి అని మనవాళ్ళు అడుగుతారు. బీజింగ్‌లోని పెకింగ్, చింఘువా వరస కాదు. తొమ్మిది పెద్ద యూనివర్సిటీలు కట్టుకున్న సీ9 జట్టులో కూడా లేదు. వాటి తర్వాత పేర్లు చెప్పమంటే వెంటనే వినపడే పేరు. షావోమి పెట్టిన లే జున్ ఇక్కడి కంప్యూటర్ విద్యార్థి, 1987 బ్యాచ్. 2015లో మన శ్రీసిటీలో ఫోన్లు చేయించడం మొదలుపెట్టింది ఆ కంపెనీయే. 130 ఏళ్ళ పండగకి, 2023లో, ఆయన 130 కోట్ల యువాన్లు ఇచ్చాడు. ఇంకో పూర్వ విద్యార్థి డబ్బుతో కట్టిన వాన్‌లిన్ ఆర్ట్ మ్యూజియం పెద్ద బండరాయిలా ఉంటుంది. ఆకుపచ్చ కప్పుల మధ్య అది నాకు నచ్చలేదు, మేనల్లుడికి నచ్చింది.

మూడో రోజు హుబేయ్ మ్యూజియంకి వెళ్ళాం. ఉచితం, సోమవారం సెలవు. 1978లో తవ్వకాల్లో దొరికిన 65 కంచు గంటల కోసమైనా పూట కేటాయించండి. ఒక్కో గంట కొట్టే చోటుని బట్టి రెండు స్వరాలు పలుకుతుంది, అదీ 2,400 ఏళ్ళ కిందటిది. పక్కనే యూనివర్సిటీ వాళ్ళ జోంగ్‌నాన్ ఆసుపత్రి. 2020లో వార్తల్లో నలిగిన పేరు. కరోనా గురించి ముందుగా తోటి డాక్టర్లని హెచ్చరించి, మందలింపు తిని, ఆ జబ్బుతోనే పోయిన లీ వెన్‌లియాంగ్ ఈ యూనివర్సిటీలో వైద్యం చదివినవాడే. ఆ రోజుల్లో రెండు ఎయిర్ ఇండియా విమానాల్లో 647 మంది మనవాళ్ళు ఇక్కడి నుంచి బయటపడ్డారు. తిరుపతి ఫ్యాక్టరీ కోసం ట్రైనింగ్‌కి వచ్చిన తెలుగు కుర్రాళ్ళు కూడా అప్పుడు ఈ ఊళ్ళోనే ఇరుక్కున్నారు. ఆసుపత్రి గేటు ముందు ఇప్పుడు పళ్ళ బండ్లు, డెలివరీ బైకులు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. 'వో చ్ సూ' అంటే నేను శాకాహారిని అని. చెప్పినా సూపులో మాంసం నీళ్ళుండవచ్చు. ఇక్కడ పొద్దున్న టిఫిన్ చేయడాన్ని 'పొద్దు దాటించడం' అంటారు, జనం నడుస్తూ కూడా తింటారు. నువ్వుల ముద్ద కలిపిన వేడి పొడి నూడుల్స్ ఊరి గొప్ప. నాకు మొదటి రోజు గొంతుకడ్డం పడింది, మూడో రోజుకి నేనే వెతుక్కుని వెళ్ళాను. మా ఆవిడ మాత్రం మియన్‌వో దగ్గర ఆగిపోయింది. బియ్యం, సోయా రుబ్బిన పిండి గుంట గరిటెలో పోసి, మధ్యలో పల్చగా చేసి నూనెలో వేస్తారు. అచ్చం గారె. రెండు యువాన్లు. "మినప్పప్పు వేసుంటే ఇంకా బాగుండేది" అని బండివాడికి తెలుగులోనే చెప్పింది, అతను నవ్వి ఇంకోటి వేశాడు.

క్యాంపస్‌లో హాస్టళ్ళ పేటలకి చెట్ల పేర్లు: చెర్రీ, ప్లమ్, ఓస్మాంథస్, మేపుల్. ఓస్మాంథస్ పూలు శరత్కాలంలో పూస్తాయట, చిన్నవే కానీ వాసన గుట్టంతా పట్టేస్తుందట, అప్పుడు గదులు సగం రేటుకే దొరుకుతాయట. "అక్టోబరులో రండి అత్తయ్యా" అన్నాడు మేనల్లుడు. మా ఆవిడ మోకాళ్ళకేసి చూసుకుని, ఆ పేటకి ఎన్ని మెట్లో ముందు కనుక్కోమంది.